భయము ఎవరిది? ‘ది ఎగ్జార్సిస్ట్’ చిత్రము నేపథ్యముగా ఒక విచారణ

1973 డిసెంబరు 26న అమెరికా దేశమున ‘ది ఎగ్జార్సిస్ట్’ అను చలనచిత్రము విడుదలైనది. అర్ధశతాబ్దము గడచినది. తరువాత అంతకంటె ఎక్కువ రక్తమును, ఎక్కువ యంత్రమాయను చూపిన చిత్రములు ఎన్నో వచ్చినవి. అయినను ఆ పాత చిత్రమును నేటికిని మొదటిసారి చూచినవారిలో ఎందరో ఆ రాత్రి గదిలో దీపము ఆర్పుటకు సందేహింతురు. వారిలో భూతప్రేతములను నమ్మనివారు కలరు, క్రైస్తవమతముతో సంబంధము లేనివారును కలరు.

అందలి మాయలన్నియు నేడు బహిరంగమే. వెనుకకు తిరిగిన తల ఒక కృత్రిమ ప్రతిమది. నోటినుండి వెలువడు ఆవిరి కనిపించుటకై ఆ గదిని శీతలయంత్రములతో గడ్డకట్టునంతగా చల్లబరచిరి. బాలిక నోట వినిపించు ఘోరస్వరము మెర్సిడెస్ మెకేంబ్రిడ్జ్ అను నటీమణిది. రజ్జువు తెలిసిన పిమ్మట సర్పభయము తొలగవలెనని వేదాంతము చెప్పును. ఇచట రజ్జువు తెలిసినను వణుకు తగ్గదు. కావున ఆ భయమునకు కారణము తెరపై చూపబడిన సర్పము కాదు, మరియొకటి ఏదో ఉన్నది. అది ఏమి?

కథను స్మరింతము. విలియం పీటర్ బ్లాటీ 1971లో ప్రకటించిన నవల దీనికి మూలము. 1949లో ఒక బాలునికి జరిగినదని పత్రికలలో వచ్చిన వార్త, ఆయన జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయమున విద్యార్థిగా ఉన్నప్పుడు ఆయన మనస్సున నాటుకొన్నది. ఆ నవలకు బ్లాటీయే చిత్రానువాదము వ్రాయగా, విలియం ఫ్రీడ్‌కిన్ దర్శకత్వము వహించిరి. క్రిస్ అను నటి తన 12 ఏండ్ల కుమార్తె రీగన్‌తో వాషింగ్టన్ నగరములోని జార్జ్‌టౌన్‌లో నివసించుచుండును. ఆమెకు దైవమునందు విశ్వాసము లేదు. నవ్వుచు, బొమ్మలు చేయుచు తిరుగు ఆ పిల్ల క్రమముగా మారిపోవును. మాట మారును, చూపు మారును, చివరకు ముఖమే మారును.

ఇందు మొదట గమనింపదగినది భయమునకు ఎన్నుకొన్న స్థలము. అది శ్మశానము కాదు, అరణ్యము కాదు, పాడుబడిన కోట కాదు. తల్లి దుప్పటి కప్పి, ముద్దుపెట్టి వచ్చు బిడ్డ పడకగది. లోకములో దానికంటె సురక్షితమైన చోటు ఉండదని ప్రతి తల్లియు తలచును. అట్టి చోటనే అపాయము పుట్టినది.

రెండవది ఇంకను సూక్ష్మమైనది. భూతవైద్యము ప్రారంభము కాకముందు చిత్రము చాలసేపు వైద్యశాలలో నడచును. బిడ్డ మెడలో సూది గుచ్చి, రక్తనాళములను చిత్రించు ఒక ఘట్టమున్నది. పిశాచము కనిపించు ఘట్టములకంటె ఇదియే తమకు దుస్సహమని చెప్పిన ప్రేక్షకులు అనేకులు. అచట దయ్యము లేదు. వైద్యులు దుర్మార్గులు కారు. యంత్రములు సరిగానే పనిచేయుచున్నవి. కాని పరీక్షలన్నియు ముగిసిన పిమ్మట ఏమియు కనబడలేదనియే చెప్పుదురు. తల్లి మాత్రము తలుపు ఇవతల నిలిచి ఉన్నది.

స్మృతి కోల్పోయి కన్నకొడుకునే ‘నీవెవరవు?’ అని అడిగిన వృద్ధమాతను చూచినవారు ఆ తల్లి వేదనను ఎరుగుదురు. మద్యమునకు లోబడి ఇంటివారిపై చేయి ఎత్తిన పుత్రుని చూచినవారు, మనోరోగముతో తనలో తాను మాటలాడుకొను సోదరిని చూచినవారు ఎరుగుదురు. ముఖము అదే, చేతులు అవే. ఆ కన్నులలోనుండి ఇన్నాళ్లు మనలను చూచినవారు మాత్రము కానరారు. చిత్రము చూపు పిశాచము కల్పితము కావచ్చును. ఈ అనుభవము కల్పితము కాదు. అందువలననే దయ్యములను నమ్మనివానిని సైతము ఆ చిత్రము భయపెట్టుచున్నది.

ఈ భయము యొక్క మూలమును ఇంకను త్రవ్వినచో అహంకారము కనిపించును. ‘ఇది నా దేహము, ఇది నా నోరు, ఇవి నా మాటలు’ అను యజమాని భావముతోనే మానవుడు పగలంతయు సంచరించును. తన ఇంటిలో తాను లేకుండగనే మరియొకడు కూర్చుండి తన నోటితో మాటలాడినచో ‘నేను’ అనునది ఎచట ఉండును? చిత్రము ఈ ప్రశ్నను చీకటిలో వేసినది. ఉపనిషత్తు ఇదే ప్రశ్నను వెలుగులో వేసినది. రెండవది ఒకటి ఉన్నదను తలంపునుండియే భయము పుట్టునని బృహదారణ్యకము బోధించును. పరమాత్మయందు అణుమాత్రము భేదము కల్పించుకొన్నవానికి భయము తప్పదని తైత్తిరీయము హెచ్చరించును.

ఆ బృహదారణ్యకమునందే, మూడవ అధ్యాయమున, ఆవేశమును గూర్చిన వృత్తాంతములు రెండు కలవని సాధకులు కొందరు గమనించి ఉండరు. విద్యార్థులు కొందరు మద్రదేశమున పతంచలుడను గృహస్థుని ఇంటికి వెళ్లిరి. ఆయన కుమార్తెను ఒక గంధర్వుడు ఆవేశించి ఉండెను. వారు పారిపోలేదు, ఆమెను కొట్టలేదు. ‘నీవెవరవు?’ అని అడిగిరి. గంధర్వుడు తన పేరు చెప్పెను. వారు అతనిని లోకముల అంతమును గూర్చి ప్రశ్నించిరి. అదే గృహమున యజ్ఞవిద్యను అభ్యసించుచున్న మరికొందరి ఎదుట ఆ గృహస్థుని భార్య ఆవేశముతో ఉండెను. ఈ పర్యాయము ఆవేశించినవాడే ప్రశ్నించెను: సర్వలోకములను లోపలనుండి నియమించువానిని మీరెరుగుదురా?

జనకుని సభలో ఉద్దాలకుడు ఆ ప్రశ్ననే యాజ్ఞవల్క్యుని ముందుంచగా వచ్చిన సమాధానమే అంతర్యామి విద్య. పృథివియందు, జలమునందు, అగ్నియందు, చివరకు మనస్సునందు ఉండి, వానికి తెలియకయే వానిని నడిపించువాడు, నీ ఆత్మయైనవాడు, మరణములేనివాడు అని ఆ ఋషి వివరించెను. ఆవేశించినవాడు వచ్చును, పోవును. అంతర్యామి ఎన్నడును వెలుపలినుండి వచ్చినవాడు కాడు, కావున పోవువాడును కాడు.

చిత్రములోను దీనిని స్ఫురింపజేయు ఘట్టము ఒకటి కలదు. ఘోరరూపముతో పడియున్న బాలిక ఉదరముపై, చర్మమే ఉబ్బి అక్షరములుగా ఏర్పడి, రక్షింపుమను వేడికోలు కనిపించును. అంత అరుపు, అంత దూషణ నడుమ బిడ్డ ఎచటికిని పోలేదు, లోపలనే ఉన్నది. ఆ మతము వేరు, ఈ దర్శనము వేరు. రెంటిని ఒకటిగా కలిపివేయుట ఉచితము కాదు. కాని ఆ అక్షరములను చూచినవానికి భయముకంటె ముందుగా కరుణ కలిగినచో, అతడు చూడవలసినది చూచినట్లే.

ఇక మూడవ కారణము. ఆ పిశాచము కేవలము అరచినచో అంత భయంకరము కాకపోవును. అది తెలిసి మాటలాడును. ఫాదర్ కారస్ మానసిక వైద్యుడు, క్రైస్తవ గురువు కూడ. ఆయన తల్లి న్యూయార్కులో ఒంటరిగా మరణించెను. ఆ అపరాధభావము ఆయనను లోలోపల దహించుచు, విశ్వాసమును సడలించుచుండెను. పిశాచము సరిగా ఆ తల్లి స్వరముతోనే పలుకును. దానితో సంభాషింపవలదని, అది అసత్యమునందు సత్యమును కలిపి చెప్పునని వృద్ధుడైన ఫాదర్ మెరిన్ ముందుగనే హెచ్చరించును. మనుష్యుని తన దృష్టిలో తానే హీనుడనునట్లు చేయుట దాని ప్రయోజనమని, 2000 సంవత్సరమున తిరిగి విడుదలైన పెద్ద ప్రతిలో ఆయన చెప్పును. అనగా లక్ష్యము మంచముపైనున్న బాలిక కాదు, మంచము చుట్టు నిలిచినవారు.

స్వయముగా క్లేశము కొనితెచ్చుకొననివానిని దేవతలు గాని పిశాచములు గాని బాధింపజాలవని చరకసంహిత చెప్పును. దానికి మూలము ప్రజ్ఞాపరాధమని ఆ శాస్త్రము నిర్ణయించెను. అట్లయిన ఆ పసిబిడ్డ చేసిన అపరాధమేమి? చిత్రము సమాధానము చెప్పదు. ప్రారబ్ధమని చెప్పి లేచిపోవుట సులభము. కాని బాధలో ఉన్న తల్లి ముందు ఆ మాట పలుకుట శాస్త్రజ్ఞానము కాదు, క్రౌర్యము. చరకుని వాక్యము ఎవడికి వాడు తన్ను పరీక్షించుకొనుటకు ఉద్దేశింపబడినది, ఇతరులపై నేరము మోపుటకు కాదు. కారస్ విషయమున మాత్రము అది అన్వయించును. పిశాచము ఆయనలో క్రొత్తగా ఏమియు సృష్టింపలేదు, అంతకుముందే ఉన్న పగులులో వ్రేలు పెట్టినది. ‘నీవు యోగ్యుడవు కావు’ అను ఆ స్వరమును జపమునకు కూర్చున్న ఏ సాధకుడు వినలేదు? గీత పదునారవ అధ్యాయమున దైవీసంపదను లెక్కించునపుడు అభయమును మొదట నిలిపినది. తక్కిన గుణములకు అదియే నేల.

చివర మెరిన్ ఒంటరిగా మరణించును. కారస్ మొదట కోపముతో బాలికను పిడికిళ్లతో కొట్టును. ఫలితము లేదు. పిమ్మట ‘ఆ బిడ్డను విడిచి నన్ను పట్టుకొమ్ము’ అని కోరును. అది తనను ఆవేశించిన క్షణమున కిటికీనుండి దూకి, 75 మెట్ల దిగువన పడి ప్రాణము విడుచును. ప్రాణత్యాగమును ఆదర్శముగా గ్రహింపవలసిన పనిలేదు. అయితే అప్పటివరకు పలికిన ప్రార్థనలు చేయలేని పనిని తనను తాను అర్పించుకొనుట చేసినది. మంత్రము దుర్బలము కాదు. పలుకువాడు ‘నేను, నాది’ అను దానిని గట్టిగా పట్టుకొని ఉన్నంతకాలము ఆ బలము వానినుండి ప్రవహింపదు.

ఈ విచారణకు ఆచరణ కూడ ఉన్నది. ఆయుర్వేదపు ఎనిమిది అంగములలో భూతవిద్య ఒకటి. అది వైద్యములో భాగము, వైద్యమునకు శత్రువు కాదు. చిత్రములోని తల్లియు మొదట వైద్యుల చెంతకే వెళ్లెను, కారస్ సైతము రుజువు కావలెననెను. మన ఊళ్లలో మాత్రము మనోరోగముతో బాధపడు స్త్రీని దయ్యము పట్టినదని గొలుసులతో కట్టుట, వేపమండలతో కొట్టుట, పొగ పెట్టుట నేటికిని పూర్తిగా పోలేదు. దేవాలయము శరణు ఇచ్చు చోటు, శిక్షించు చోటు కాదు. అట్టివారిని వైద్యుని వద్దకు కొనిపోయి, ఔషధము ఇప్పించి, ఆపైన తీర్థము ఇచ్చినచో ధర్మమునకు లోపమేమియు లేదు. కొట్టు చేతికి తెలియనిది ఒకటే: లోపల ఒకరు రక్షింపుమని వ్రాయుచున్నారు.

హిరణ్యకశిపుని సంహరించిన నరసింహుని చూచి దేవతలు వెనుకకు తగ్గిరని, శ్రీమహాలక్ష్మియే దరిచేర సంకోచించెనని భాగవతము చెప్పును. ఒక బాలుడు మాత్రము నెమ్మదిగా నడచి వెళ్లి పాదములపై వ్రాలెను. రూపము అందరికి ఒకటే, కోరలు ఒకటే, గర్జన ఒకటే. ప్రహ్లాదునికి అందు రెండవవాడు కనబడలేదు, అంతే. చిత్రము చూచి నిద్రపట్టని రాత్రి దీపము వెలిగించుకొనుటలో తప్పు లేదు. ఆ వెలుగులో కూర్చుండి, ఈ భయము ఎవరికి కలుగుచున్నదని ఒక్కసారి విచారించినచో, ఆ రాత్రియు సాధనయే అగును.

స్వస్తి.