కోటాలదిన్నెలో సూర్యుడి పురి

అత్తిబెలెలో మా బావమరిది ఇంట్లో కాఫీ తాగి బయలుదేరితే, గౌరిబిదనూరు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బెంగళూరుకు అది దక్షిణపు కొస. ఇదేమో ఉత్తరాన హిందూపురం దారి. "ఆ కొస నుంచి ఈ కొసకు వస్తిరే!" అన్నాడు ఆటో ఆయన, తెలుగులోనే.

గౌరిబిదనూరుకు దగ్గర్లోనే, కోటాలదిన్నెలో భారతీయ ఖభౌతిక సంస్థవారి రేడియో ఖగోళ పరిశీలన కేంద్రం ఉంది. 1976లో రామన్ పరిశోధన సంస్థతో కలిసి మొదలుపెట్టారు. గుండ్రటి గోపురం, లోపల పెద్ద దుర్భిణి ఉంటాయనుకుని వెళ్లాను. ఉన్నది పొలం, అందులో బారులు తీరిన యాంటెన్నాలు. ఒకప్పుడు దూరదర్శన్ కోసం మేడలెక్కించినవాటికి దగ్గరి చుట్టాలే: నడిమి కడ్డీకి అటూ ఇటూ చువ్వలు, ఒక చివర పొడుగ్గా, రెండో చివర పొట్టిగా. పొడుగు చువ్వ తక్కువ పౌనఃపున్యాన్ని పట్టుకుంటుంది, పొట్టిది ఎక్కువదాన్ని.

కొన్నిటి చువ్వలు తూర్పు పడమరలుగా, కొన్నిటివి వాటికి అడ్డంగా ఉన్నాయి. కిటుకంతా అక్కడే. సూర్యుడి వెలుపలి పొర కరోనాలో అయస్కాంత క్షేత్రం ఉన్నచోట నుంచి వచ్చే రేడియో తరంగాల్లో కుడి పురి, ఎడమ పురి సమానంగా ఉండవు. తాడు పేనేవాళ్లకు నేను విడమరచి చెప్పక్కర్లేదు. రెండు రకాల యాంటెన్నాల సంకేతాలనూ జతచేస్తే ఏ పురి ఎంత ఎక్కువో తేలుతుంది. ఆ తేడా నుంచి క్షేత్రం బలం లెక్కగడతారు. పురి లేకుండా ఒకే తలంలో ఊగే భాగం మాత్రం దారిలోనే చెదిరిపోతుంది, దాన్ని నమ్ముకోలేం.

సూర్యుడి మచ్చల్లో క్షేత్రం రెండు మూడు వేల గాస్‌లు (గాస్ అంటే అయస్కాంత క్షేత్రపు కొలమానం). వర్ణపటంలో గీతలు చీలడం చూసి ఖగోళ శాస్త్రవేత్త హేల్ 1908లోనే దాన్ని పట్టేశాడు. కరోనా సంగతి వేరు. అక్కడి వెలుగు బహు పలచన, ఈ యాంటెన్నాలకు అందే ఎత్తులో క్షేత్రమూ కొద్ది గాస్‌లే. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1లో అయస్కాంతమాపకం ఉంది కదా అంటారేమో. అది తానున్న చోటి క్షేత్రాన్నే కొలుస్తుంది. ఆ చోటు మనకు 15 లక్షల కిలోమీటర్లు, సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్లు.

కోట్ల ఖరీదు అద్దాలకు కష్టమైన పనిని పొలంలో చువ్వలు చేస్తున్నాయంటే నాకు ముచ్చటేసింది. చూడాలనుకుంటే ముందే అనుమతి తీసుకుని, మధ్యాహ్నానికల్లా చేరండి. పొద్దువాలితే సూర్యుణ్ణి కొలిచే పని ఉండదు.