ఇంటర్వెల్‌కే పదహారేళ్లు!

హీరోకి ఇంటర్వెల్ దాకా దెబ్బలు తప్పవని మీకు నేను చెప్పాలా! నా కథలో ఆ ఇంటర్వెల్‌కే పదహారేళ్లు పట్టింది.

1999లో నిజామాబాద్‌లో ఆడియో క్యాసెట్ల షాపు పెట్టాను. నాకు నచ్చిన పాటలన్నీ తెచ్చి పేర్చాను. కొనేవాళ్లకు ఏం కావాలో అడిగితే ఒట్టు! ఇంతలో సీడీలొచ్చాయి. క్యాసెట్లు అటకెక్కాయి. సరే అని సీడీలు అద్దెకిచ్చాను. తీసుకెళ్లినవాడు తిరిగిస్తే కదా!

మూడోది బోధన్‌లో, శక్కర్‌నగర్ దారిలో హోటలు. మా ఆవిడ గాజులు కుదువ పెట్టి మరీ తెరిచాను. 2015 డిసెంబరులో నిజాం కాలం నాటి చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. "ఫ్యాక్టరీ పోయింది, నా హోటలూ పోయింది" అని అందరితో చెప్పుకున్నాను. జాలిపడ్డారు కూడా. నిజం మా ఆవిడకి తెలుసు. హోటలు అంతకు ఏడాది ముందే మునిగింది... అప్పు పుస్తకంలో!

ఓ రాత్రి ఆ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "ఎవల్ని అడిగినా రేపు అంటరు. నగదు ఇచ్చినోళ్లు ఎవరో సూడు" అంది. చూశాను. సకినాలు కట్టించుకుపోయిన తల్లులు! ఒకామె అయితే, "తమ్మీ, ఇంకో కిలో కట్టు. పిల్లగాడు దుబాయ్ పోతున్నడు" అని బేరమాడకుండా డబ్బు చేతిలో పెట్టింది. మా జిల్లాలో గల్ఫ్ పోయేవాళ్లకు కొదవా?

ఈసారి అప్పు చేయలేదు. వారానికి పది కిలోలతో, ఇంట్లోనే మొదలుపెట్టాం. ఇప్పుడు ఆరుగురు ఆడవాళ్లు మాతో పనిచేస్తున్నారు.

అన్నట్టు, మా జిల్లా నర్సింగ్‌పల్లి నుంచి వచ్చిన దిల్ రాజు గారు మీకు తెలుసుగా. 2003లో 'దిల్' సినిమాతో ఆ పేరే ఇంటిపేరైంది. 2025 సంక్రాంతికి ఆయన సంస్థవి రెండు సినిమాలు. జనవరి 10న వచ్చిన 'గేమ్ ఛేంజర్' అనుకున్నంత ఆడలేదు. 14న వచ్చిన 'సంక్రాంతికి వస్తున్నాం' దుమ్ము లేపింది. ఆయనతో నాకు పోలికేంటి అంటారా? లేదు. కానీ రెండోది చూస్తూ ఒకటే అనుకున్నాను: ఒక్కదాని మీదే గాజులతో సహా పెట్టిన మొనగాణ్ణి నేను!

ఆ గాజులు విడిపించి మూడేళ్లయింది. అప్పు పుస్తకం మాత్రం పారేయలేదు. అందులో నలుగురు నాకింకా టీ డబ్బులు ఇవ్వాలి!