చూడటం వేరు, కనిపించడం వేరు



రాత్రి తొమ్మిదింటికి పుస్తకం మూసి ఓ అరగంట నడిచొచ్చే అలవాటు మనలో చాలామందికి ఉంటుంది. నా నడకకు తోడు ఒక నల్ల కుక్క. పేరు కాలూ. చీకట్లో అది బండ్లవాళ్ల కంటపడేలా మేమేం చేశామో చెప్పడానికే ఈ వ్యాసం. కుక్క సిలబస్‌లో లేదు కదా అని పేజీ మార్చేయకండి. సైన్స్, రాజ్యాంగం, ఎథిక్స్ మూడూ నాకు ఇందులోనే ఎదురయ్యాయి.

నేనుండేది ఢిల్లీలో, ఓల్డ్ రాజేందర్ నగర్‌లో, మూడో అంతస్తు గదిలో. కింద ఇంటివాళ్లు, డెబ్బై దాటిన దంపతులు. కాలూ వాళ్లది. అంకుల్‌జీకి మోకాలి ఆపరేషన్ అయ్యాక దాన్ని తిప్పే పని నాకొచ్చింది. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం ఐదున్నరకే పొద్దుగూకుతుంది. నేను లైబ్రరీ నుంచి వచ్చేసరికి ఎలాగూ చీకటే. ఒక రాత్రి ఓ డెలివరీ బైకు దాని తోకను రాసుకుంటూ పోయింది. దెబ్బ తగల్లేదు. నడిపే కుర్రాడు నాకంటే చిన్నవాడు. బండి ఆపి, వణుకుతూ "కనిపించలేదు భయ్యా" అన్నాడు. ఆంటీజీ మర్నాడే తేల్చేసింది. ఇక రాత్రి నడక వద్దు, డాబా మీద తిరిగితే చాలంది. మూడు రోజులు కాలూ డాబా మీద ఓ మూల పడుకుంది. తిండి సగం వదిలేసింది.

ఆ కుర్రాడు చెప్పింది అబద్ధం కాదు. లెక్క వేసి చూడండి. సివిల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లకు స్టాపింగ్ సైట్ డిస్టెన్స్ గుర్తుండే ఉంటుంది. అడ్డం వచ్చినదాన్ని చూసి స్పందించడానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ డ్రైవరుకు ఇచ్చే సమయం 2.5 సెకన్లు. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్ల పైమాటే. అంటే బ్రేకు పడకముందే బండి దాదాపు 28 మీటర్లు వచ్చేస్తుంది. బ్రేకు పడ్డాక ఇంకో 17 కలపండి. మొత్తం 45 మీటర్లు. డిమ్‌లో ఉన్న హెడ్‌లైటు నేలకు దగ్గరగా, కొద్ది దూరమే వెలుగిస్తుంది. నల్లటి బొచ్చు ఆ వెలుగులో చాలా భాగాన్ని మింగేస్తుంది. బుద్ధిగా నడిపేవాడికి కూడా కుక్క కంటపడే చోటు, బండి ఆగాల్సిన దూరం లోపలే ఉండిపోతుంది.

మనం పొరబడేది ఇక్కడే. ఎదురుగా వచ్చే బండి వెలుగు మన కళ్లలో పడుతుంటే, 'ఇంత వెలుగులో వాడికి నేను కనబడనా' అనుకుంటాం. మనకు కనిపించేది వాడి దీపం, వాడికి కనిపించాల్సింది మనం. ఈ రెండూ ఒకటి కావు. కుక్కది మరీ జాలి. మసక వెలుతురులో దాని చూపు మనకంటే మెరుగు. దానికి బండి చక్కగా కనిపిస్తుంది. బండివాడికి తాను కనిపించడం లేదన్న సంగతి దానికెలా తెలుస్తుంది?

పరిష్కారం ఇంటర్ ఫిజిక్స్‌లోనే ఉంది. అద్దం మీద పడిన వెలుగు ఇంకో దిక్కుకు పోతుంది. గోడ మీద పడినది అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. రిఫ్లెక్టర్ టేపులోని సన్నని గాజు పూసలు మాత్రం వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతాయి. దీన్నే రెట్రో రిఫ్లెక్షన్ అంటారు. హెడ్‌లైటు, నడిపేవాడి కళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి ఆ వెలుగు నేరుగా అతనికే చేరుతుంది. చీకట్లో కుక్క కళ్లు మెరవడమూ ఇలాంటిదే. రెటీనా వెనకున్న టపీటం లూసిడం అనే పొర వెలుగును తిప్పి పంపుతుంది. 1934లో ఇంగ్లండుకు చెందిన పెర్సీ షా పేటెంటు తీసుకున్న రోడ్డు రిఫ్లెక్టరుకు పిల్లి కన్ను అనే పేరు అందుకే వచ్చింది. కానీ కుక్క తల తిప్పుకుంటే ఆ మెరుపు ఉండదు. వెనక నుంచి వచ్చే బండికి అసలే ఉండదు.

ఝండేవాలాన్ సైకిల్ మార్కెట్‌లో రెండు మీటర్ల టేపు కొన్నాను. ఒక మాక్ టెస్టు ఫీజుకంటే తక్కువే అయింది. మెడ బెల్టుకు వేస్తే చాలదు, గడ్డం కింద, బొచ్చులో దాగిపోతుంది. ఛాతీ చుట్టూ తొడిగే పట్టీకి రెండు పక్కలా, వీపు మీదా కుట్టాను. వీధి దాటేటప్పుడు బండికి కనపడేది కుక్క పక్కభాగమే కదా. చేతిలోని తాడుకూ అంటించాను. తాడు కనిపించకపోతే మనిషికీ కుక్కకూ మధ్య ఖాళీ ఉందనుకుని బండి దూరిపోతుంది.

పరీక్షించడం తేలిక. స్నేహితుడెవరినైనా కుక్కతో అరవై అడుగుల అవతల నిలబెట్టండి. ఫోన్ టార్చి మీ కంటి పక్కనే పెట్టి చూడండి, టేపు భగ్గున వెలుగుతుంది. ఫోన్ చేతిని బాగా పక్కకు చాపండి, ఆ వెలుగు పడిపోతుంది. దీన్ని ఆంటీజీకి బాల్కనీలోంచే చూపించాను. రెండుసార్లు చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్లి తాడు తెచ్చి నా చేతికిచ్చింది.

టేపుకు హద్దులున్నాయి. దానికి సొంత వెలుగు లేదు. మా వీధిలో కొన్ని ఈ-రిక్షాలు దీపం వేయకుండానే తిరుగుతాయి. వాటి ముందు టేపు పనిచేయదు. పొగమంచులో వెలుగు వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ చెదిరిపోతుంది. మురికి పడితే, తడిస్తే మెరుపు తగ్గుతుంది. అందుకే బెల్టుకు చిన్న ఎల్‌ఈడీ కూడా తగిలించాం, దాని కళ్లలో పడకుండా కిందికి తిప్పి. ఫుట్‌పాత్ లేనిచోట ఎదురొచ్చే బండ్లకు ఎదురుగా, కుక్కను గోడవైపు ఉంచుకుని, తాడు పొట్టిగా పట్టుకుని నడుస్తాను.

నా రూమ్మేట్ ఒక ప్రశ్న వేశాడు. "బండివాడు నెమ్మదిగా పోవాలి గానీ, కుక్కకు చొక్కా తొడగడమేంటి? తప్పు బలవంతుడిది, బరువు బలహీనుడిదా?" ఎథిక్స్ పేపర్లో రావాల్సిన ప్రశ్న ఇది. నా జవాబు ఇలా రాస్తాను. వేగం తగ్గించాల్సిన బాధ్యత బండివాడిదే. టేపు లేకపోవడం అతనికి సాకు కాకూడదు. కానీ రోడ్డు మీదికి రావాలన్న నిర్ణయం కాలూది కాదు, నాది. తెచ్చినవాడికి ఆ మేరకు బాధ్యత ఉంటుంది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు పగలు కూడా హెడ్‌లైటు వెలిగే ఉండాలన్న నియమం తెచ్చారు. అది దారి చూడటానికి కాదు, ఇతరులకు కనిపించడానికి. అయినా పెద్ద బండ్ల బాధ్యతను ఆ నియమం రద్దు చేయలేదు. ఒకరి జాగ్రత్త ఇంకొకరి బాధ్యతకు తోడు కావాలి, బదులు కాకూడదు.

వీధికుక్కలకు ఈ పని చేసిపెట్టే యజమాని ఉండడు. 2025 ఆగస్టు 22 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు, రేబిస్ ఉన్నవి, దాడిచేసే స్వభావమున్నవి మినహా మిగతావాటిని శస్త్రచికిత్స, టీకా తర్వాత పట్టిన చోటే వదలాలంది. అంటే వాటిలో చాలావరకు మన వీధుల్లోనే ఉంటాయి. రాత్రి ఒక కుక్క కంటపడకపోతే పోయేది దాని ప్రాణమొక్కటే కాదు, దాన్ని తప్పించబోయి పడే బైకు కుర్రాడిది కూడా కావచ్చు. పుణేలో శంతను నాయుడు మోటోపాస్ పేరుతో వీధికుక్కలకు మెరిసే బెల్టులు కట్టించారు. మీరు కడితే రెండు వేళ్లు దూరేంత వదులు ఉంచండి. పెరిగే కూనలకు కట్టకండి, మెడ కోసుకుపోతుంది.

51ఏ(జి) అధికరణలో 'ప్రాణుల పట్ల దయ' అన్న మాటను మనమంతా బట్టీపట్టాం. 1976, 42వ సవరణ, ప్రాథమిక విధి. ఆన్సర్ షీటులో అది ఒక్క లైను. వీధిలో దాని ఖరీదు రెండు మీటర్ల టేపు, ఒక సూది, అరగంట సమయం. ఈ ఆదివారం టెస్టు రాశాక మీ వీధిలోని కుక్కల్లో ఒక నల్లదాన్ని చూసుకోండి. దగ్గరికి రానిస్తే సరే, రానివ్వకపోతే దానికి రోజూ అన్నం పెట్టేవాళ్ల చేతికి ఆ బెల్టు ఇవ్వండి. వాళ్లు మీ వీధిలోనే ఉంటారు.