టంకసాల తప్పు చేస్తే

ఉప్పల్ నుంచి నాచారం, మల్లాపూర్ మీదుగా వెళితే చర్లపల్లి వస్తుంది. 1903లో సైఫాబాదులో వెలసిన టంకసాల 1997లో ఇక్కడికే వచ్చింది.

మీ అమ్మమ్మ పెట్టెలో చార్మినారు బొమ్మ ఉన్న హాలీ రూపాయి ఉన్నదా? నిజాముల నాటి వెండి అది. కంసాలి మూసలో పడకముందే ఒకసారి బాగా చూడండి.

చార్మినారు ఒక పక్కకు ఒరిగి, రెండో పక్క నెలవంకలాగా వట్టి వెండి కనిపిస్తున్నదా? అచ్చు పడేటప్పుడు బిళ్ళ జరిగిందన్నమాట. రెండు వైపులా చార్మినారే ఉండి, ఒకటి ఉబ్బెత్తుగా, రెండోది గుంటగా, తిరగబడి ఉంటే ఇంకా వింత! ముందు కొట్టిన రూపాయి అచ్చుకే అంటుకుపోయింది. తరువాతి బిళ్ళ దాని బొమ్మనే అద్దంలోలాగా తీసుకున్నది.

గుమ్మంలో అక్షరం మారితే మాత్రం తప్పనుకోకండి. మహబూబ్ అలీఖాన్ రూపాయిలో 'మీమ్', ఉస్మాన్ అలీఖాన్ రూపాయిలో 'ఐన్' ఉంటాయి. అవి వారి పేర్ల తొలి అక్షరాలు. బూడిదతో తోమారో, ఆ అక్షరం అరిగిపోతుంది!

ఇంకా అనుమానమా? త్రాసులో వెయ్యండి. రూపాయి సుమారు 11.2 గ్రాములు తూగాలి. అచ్చు జరిగినా తూకం తగ్గదు. ఎవరో ఆకురాయి పట్టి వెండి రాల్చుకున్నదైతే తగ్గుతుంది.