మామ బండి ఇంజన్ దింపే ముందు



ఇది నోటిఫికేషన్ గురించో, స్కాలర్‌షిప్ గురించో కాదు. ఒక పాత బండి ఇంజన్ గురించి. పోస్టు కాస్త పొడుగే, ఓపిక చేసుకుని చదవండి. మన ఏజెన్సీ ఊళ్లల్లో ఇలాంటి బళ్లు ఇంకా చూరు కింద ఉన్నాయి, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాం.

మేము నలుగురం. పాడేరు వైపు రెండు ఊళ్ల వాళ్లం, విశాఖలో ఒకే హాస్టల్, ఒకే రూము. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మాలో ఇద్దరిది మెకానికల్. బండి యమహా ఆర్‌ఎక్స్ 100, 1994 మోడల్. దాని ఓనరు మాలో ఒకడికి నాన్న, ఇద్దరికి మామ, ఇంకొకడికి చిన్నాన్న. గొడవ లేకుండా ఇక్కడ మామ అనే రాస్తున్నాం.

ఈ బండి గురించి తెలియని వాళ్లు తక్కువ. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైంది. 98 సీసీ, రెండు స్ట్రోకుల ఇంజన్, 11 హార్స్‌పవర్, బరువు వంద కిలోలకి కాస్త అటూ ఇటూ. సిటీ కుర్రాళ్లకి అది రేసు బండి. మామకి మాత్రం కాఫీ బస్తా, మిరియాల మూట, సంత సామాను మోసే బండి. రాత్రి పూట ఎవరికైనా నొప్పులొస్తే, జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లింది కూడా అదే. మే నెలలో అది ఘాట్ రోడ్డు మధ్యలో పట్టేసింది. చల్లారాక స్టార్ట్ అయింది గానీ పికప్ లేదు, తెల్లపొగ, లోపల టకటక చప్పుడు.

"మీరు ఇంజనీరింగ్ చదువుతున్నారు కదా, మీరే చూడండి" అన్నాడు మామ. మేము చదివేది ఇంకా రెండో ఏడే అని చెప్పినా ఆయనకి లెక్క లేదు. చదువుకున్నోళ్లు అంటే తెలిసినోళ్లు, అంతే. ఆ మాట మా మీద బస్తా కంటే బరువుగా పడింది.

అసలు ఇలాంటి ఇంజన్ ఎందుకు పట్టేస్తుందో ముందు చెప్పుకుందాం. దీనికి రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కలకి గాలి తగిలితేనే వేడి పోతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు బరువు ఎక్కువ, గేరు చిన్నది, వేగం తక్కువ. అంటే వేడి బాగా పుట్టే టైములోనే గాలి తక్కువ తగులుతుంది. పైగా రెండు స్ట్రోకుల ఇంజన్లో క్రాంక్ తిరిగిన ప్రతిసారీ మంట మండుతుంది, మధ్యలో విరామం లేదు. అల్యూమినియం పిస్టన్ సిలిండర్ కంటే ఎక్కువ ఉబ్బుతుంది. సందు మూసుకుపోతే పట్టేస్తుంది. మన ఊరి బురద ఆ రెక్కల మధ్య ఎండిపోయి ఉంటే ఇంకా తొందరగా.

దిగేటప్పుడు ఇంకో సంగతి. ఈ బండిలో ఆయిల్ పంపు యాక్సిలరేటర్‌తో కలిసి పనిచేస్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా మూసి, గేరులో మైళ్ల కొద్దీ దిగితే ఇంజన్ గిరగిరా తిరుగుతుంది గానీ ఆయిల్ చుక్కలు చుక్కలుగానే వస్తుంది. అందుకే మధ్యమధ్యలో క్లచ్ పట్టి కొంచెం యాక్సిలరేటర్ ఇవ్వాలి. ఇది మామకి ఎవరూ చెప్పకుండానే తెలుసు. కారణం ఇదని మేము చెప్తే, "ఓహో, అందుకా" అని నవ్వాడు.

మా క్లాసులో గాలితో చల్లబడే ఇంజన్ల గురించి చెప్పినప్పుడు పోర్షే 911 పేరు వచ్చింది. 1960ల నుంచి 1998 దాకా జర్మనీలో ఆ కారు గాలితో చల్లబడే ఆరు సిలిండర్ల ఇంజన్‌తోనే వచ్చింది. దాని గురించి వెతుక్కుని చదివితే ఒకటి అర్థమైంది. 1970లలో వచ్చిన 2.7 లీటర్ల ఇంజన్లలో కేసు మెగ్నీషియం లోహంతో ఉండేది. వేడికి హెడ్ స్టడ్లు ఆ మెత్తటి కేసులోంచి ఊడొచ్చేవి. అందుకే అలాంటి కారు ఉన్నవాళ్లు పైన పిస్టన్లు మార్చి ఊరుకోరు. కేసు దాకా విప్పి, స్టడ్ల సంగతి తేల్చుకునే లెక్క వేస్తారు. కోట్ల కారుకైనా మన బండికైనా పద్ధతి ఒకటే. ఏది పోయిందో చూడ్డం సగం పని, ఎందుకు పోయిందో కనుక్కోవడం మిగతా సగం.

సెలవుల్లో హెడ్, బ్లాకు దింపాం. పిస్టన్ మీద 0.50 అని ఉంది. అంటే కొత్తలో 50 మిల్లీమీటర్లు ఉన్న బోరుని ఇదివరకే రెండో సైజు దాకా పెంచారు. ఈ సైజులు 0.25, 0.50, 0.75, 1.00 అని నాలుగుంటాయి. ఆ తర్వాత స్లీవ్ వేయించాల్సిందే. అంటే బ్లాకుకి ఆయుష్షు లెక్కపెట్టి ఉంటుంది.

పట్నంలో ఒక షాపులో చూపిస్తే చేత్తో తడిమి, "1.00 కొట్టేద్దాం, ఆ పిస్టనే స్టాకు ఉంది" అన్నారు. మేము బ్లాకు వెనక్కి తెచ్చుకుని కాలేజీ వర్క్‌షాపులో బోరు గేజితో కొలిచాం. పైన, మధ్యలో, కింద, ఒక్కోచోట రెండు దిక్కుల్లో, మొత్తం ఆరు కొలతలు. అన్నిటికంటే అరిగింది సైలెన్సర్ వైపు రంధ్రం దగ్గర, అక్కడ 50.62. అంటే 50.75కి బోరు కొడితే గీతలన్నీ పోతాయి. 0.75 సరిపోయేచోట 1.00 కొట్టిస్తే మామ బండికి ఉన్న ఒక ఆయుష్షు ఊరికే పోతుంది. షాపులో స్టాకు లేదని మన బ్లాకు తగ్గాలా? ఆ రోజు నుంచి బ్లాకు మా ట్రంకు పెట్టెలో ఉంది, ఆయిల్ గుడ్డ చుట్టి.

రెండో ప్రశ్న: పైపని చాలా, ఇంజన్ మొత్తం విప్పాలా? పిస్టన్ కిట్, బోరు, ప్యాకింగులతో పైపని ఐదు వేలలో అవుతుంది. మొత్తం విప్పితే రాడ్ కిట్, ప్రెస్ పని, రెండు బేరింగులు, రెండు ఆయిల్ సీళ్లు, క్లచ్ ప్లేట్లు, మెకానిక్ కూలి కలిపి పదిహేను వేలు దాకా వస్తుందని తేలింది. పది వేలు తేడా మాకు చిన్నది కాదు. కానీ మామ చెప్పిన ఒక మాట దారి చూపించింది. గేరు ఆయిల్ ఎన్నిసార్లు పోసినా తగ్గిపోతోందట. కింద ఎక్కడా కారడం లేదు. మరి ఎక్కడికి పోతోంది? క్లచ్ వైపు క్రాంక్ సీల్ అరిగి, ఆయిల్ లోపలికి లాగబడి మండిపోతోంది. తెల్లపొగ అదే. పైగా రాడ్‌ని నిలువునా పట్టి పైకీ కిందకీ లాగితే ఆట తెలుస్తోంది. టకటక అదే. ఇవి వదిలేసి కొత్త పిస్టన్ వేస్తే, కొత్త పిస్టన్‌ని పాత జబ్బుకి అప్పజెప్పినట్టే.

మూడో ప్రశ్నకి గేజి లేదు. సిటీలో ఈ బండంటే మోజున్న ఒకాయన, ఉన్నది ఉన్నట్టుగా అరవై వేలు ఇస్తానన్నాడు. మామ కూతురు ఈ ఏడే ఇంటర్‌లో చేరింది. మాలో ఒకడు గట్టిగా అన్నాడు: "అమ్మేసి చెల్లి ఫీజులకి ఉంచాలి. మోజు ఉన్నప్పుడే రేటు." వాడి మాట తప్పని మిగతా ముగ్గురం అనలేకపోయాం. రెండు రాత్రులు లెక్కలు వేశాం. అమ్మితే ఊరికి బండి ఉండదు. కొత్తది కొనాలంటే ఆ అరవై వేలు చాలవు, నెల నెలా వాయిదా కట్టాలి. కాఫీ డబ్బు ఏడాదికి ఒకసారే వస్తుంది, వాయిదా పన్నెండు సార్లు వస్తుంది. చివరికి మామనే అడిగాం. "డబ్బు ఖర్చయిపోద్ది. ఆ రోడ్డు మీద తిరగాల్సింది మేమే కదా" అన్నాడు. అమ్మమన్నవాడే ఆ తర్వాత స్పేర్ల లిస్టు రాశాడు.

ఇప్పుడు మా ప్లాను ఇది. మిరియాలు అమ్మిన డబ్బులో తొమ్మిది వేలు మామ ఇస్తాడు, మిగతాది మేము వేసవిలో పనికెళ్లి దాచింది. పిస్టన్ ముందు కొంటాం. దాన్ని కొలిచి, దానికి సరిపడా బోరు కొట్టమని షాపుకి చెప్తాం, బోరు కొట్టాక పిస్టన్ వెతకం. రింగుల సందు సిలిండర్లో పెట్టి చూసుకుంటాం. క్రాంక్ ప్రెస్ చేశాక సూటిగా తిరుగుతుందో లేదో డయల్ గేజి మీద చూడకుండా కేసు మూయం. కేసు విప్పే పని పాడేరులో ఒక పెద్ద మెకానిక్ చేస్తారు, మేము పక్కన ఉండి అందిస్తాం. విప్పిన ప్రతిదీ ఫొటో తీసి, కవర్లో వేసి, పేరు రాస్తాం. కేసు మాత్రం మార్చనివ్వం. ఇంజన్ నంబరు దాని మీదే ఉంటుంది. ఈ బండి రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి కాబట్టి నంబరు తేడా వస్తే మామ ఆఫీసుల చుట్టూ తిరగాలి.

బిగించాక మొదటి 500 కిలోమీటర్లు బస్తాలు లేవు, ముగ్గురు ఎక్కడం లేదు, ఘాట్‌లో ఆపి చల్లార్చుకుంటూ వెళ్లాలి. ఈ షరతుకి మామ ఒప్పుకున్నాడు గానీ అత్త నమ్మడం లేదు.

దసరా సెలవులకి పని మొదలు. కాఫీ పళ్లు కోతకొచ్చేలోపు బండి రోడ్డెక్కాలి. మీ ఇంట్లో ఇలాంటి బండి ఉంటే, ఎవరైనా చేత్తో తడిమి సైజు చెప్తే ఒప్పుకోకండి. దగ్గర్లో మన పిల్లలు ఐటీఐలోనో, పాలిటెక్నిక్‌లోనో ఉంటారు. వాళ్ల చేత కొలిపించండి. కొలత చూశాకే డబ్బు తీయండి.

జోహార్.