బోధన్ నుంచి వెనిస్ దాకా... ఏ పాసు కొనాలె?

షారుఖ్ ఖాన్, కాజోల్ జంటగా 1995లో వచ్చిన 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే' చూసి, స్విట్జర్లాండ్‌లో రైలెక్కాలని కలగనని కుర్రకారు ఉంటారా? ఉండరు! హీరోయిన్ బండి తప్పిపోవడం, హీరో తోడు దొరకడం... అంతా బాగానే ఉంది. కానీ ఆ అమ్మాయి ఏ టిక్కెట్టుతో దేశాలన్నీ తిరిగిందో ఎవరైనా ఆలోచించారా? నేను ఆలోచించాల్సొచ్చింది. అదీ ఎక్కడ? బోధన్‌లో, ఓ రైతు ఇంటి వసారాలో!

ముందు నిజామాబాద్‌లో దిగండి. పాత పేరు ఇందూరు. ప్లాట్‌ఫారం మీద కాసేపు నిలబడితే చాలు, తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ చెవిన పడతాయి. ఇక్కణ్ణుంచి నాందేడ్ వైపు వెళ్ళే బండెక్కితే గోదావరి దాటగానే బాసర సరస్వతమ్మ, ఇంకాస్త ముందుకెళ్తే ధర్మాబాద్... అంటే మహారాష్ట్ర! కాబట్టి సరిహద్దు దాటడం ఈ ఊరివాళ్ళకి కొత్తేం కాదు. 'ఫిదా' (2017)లో భానుమతి ఊరు బాన్సువాడ కూడా ఈ చుట్టుపక్కలదే.

నిజామాబాద్ నుంచి బోధన్ పాతిక కిలోమీటర్ల పైమాటే. భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురం ఇదేనని ఊరివాళ్ళు చెప్పుకుంటారు. 1931లో నిజాంసాగర్ పూర్తయింది. ఆ నీళ్ళతో చెరకు, చెరకుతో నిజాం షుగర్ ఫ్యాక్టరీ, దాని కోసం శక్కర్‌నగర్! ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద ఫ్యాక్టరీ అని గొప్పగా చెప్పుకునేవారు. 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు వేసే వాళ్ళలో చాలామంది వరికి మారిపోయారు. మా బావ కూడా అంతే.

ఆయన కూతురు జర్మనీలో ఎమ్మెస్ చదువుతోంది. మొన్న సెలవులకి వచ్చింది. తిరిగెళ్ళాక నాలుగు దేశాలు చుట్టి రావాలని ఆశ.

"ఎకరం వడ్ల పైసలిస్త బిడ్డా. దాని మీద రూపాయి అడగొద్దు" అన్నాడు బావ.

"మామా, నువ్వు పోయొచ్చినవ్ గద! నెల రోజుల యూరైల్ పాసు తీస్కుంట. సిన్మాల తీరు తిరుగుత" అంది మేనకోడలు.

ఇక్కడే వచ్చింది మొదటి చిక్కు. యూరైల్ పాసు యూరప్ బయట కాపురముండేవాళ్ళకి. యూరప్‌లో నివాసముంటే ఇంటర్‌రైల్ తీసుకోవాలి. మన పాస్‌పోర్టు ఏ దేశానిదైనా సరే, ఉండే చోటునే చూస్తారు. రెండింటితోనూ 33 దేశాలు తిరగొచ్చు. ఇరవయ్యేడేళ్ళు దాటనివాళ్ళకి పావు వంతు దాకా తగ్గింపు ఉంది.

రెండో చిక్కు: ఇంటర్‌రైల్‌తో సొంతంగా ఉంటున్న దేశంలో రెండే ప్రయాణాలు. బయటికి పోవడానికొకటి, తిరిగి రావడానికొకటి. జర్మనీ అంతా చుట్టేస్తానంటే ఈ పాసు ఒప్పుకోదు. లోకల్ బళ్ళలో తిరగడానికైతే 2023 మే నుంచి అక్కడ నెలవారీ 'డాయిచ్‌లాండ్ టికెట్' వేరే ఉంది.

అప్పుడు పాత క్యాలెండర్ వెనక లెక్క వేయించాను. జర్మనీ నుంచి ప్రేగ్ ఒక రోజు. ప్రేగ్ నుంచి వియన్నా, వియన్నా నుంచి వెనిస్, వెనిస్ నుంచి జ్యూరిక్, జ్యూరిక్ నుంచి ఇంటికి. మొత్తం ఎన్ని? ఐదే ఐదు రోజులు రైల్లో! మిగతా రోజులు ఊళ్ళు చూస్తుంటే నెల పాసు జేబులో నిద్రపోతుంది. అందుకని నెలలో ఏ ఐదు రోజులైనా వాడుకునే పాసు చాలు. వాడిన రోజున అర్ధరాత్రి దాకా ఎన్ని బళ్ళయినా మారొచ్చు.

"మరి సీటో?" అన్నాడు బావ. రైతు గదా, అసలు మాట అడిగాడు! జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో చాలా బళ్ళకి పాసుంటే ఎక్కి కూర్చోవడమే. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ వేగపు బళ్ళకి, రాత్రి బళ్ళలో పడకకి రిజర్వేషను డబ్బు విడిగా కట్టాలి. వెనిస్-జ్యూరిక్ బండికీ కట్టాలి. అది కూడా ముందే లెక్కలో రాయించాను.

ఇంకో మాట. ఏ రోజు ఏ బండో ముందే ఖాయమైతే, నెలల ముందు విడివిడిగా కొన్న టిక్కెట్లే ఒక్కోసారి పాసు కంటే చవక. వెనిస్‌లో ఇంకో రెండ్రోజులుందామని మనసు మారితే మాత్రం ఆ చవక టిక్కెట్టు దండగే. పాసులో మనం డబ్బు కట్టేది ఆ మనసు మార్చుకునే వీలుకే.

పిల్ల రెండు లెక్కలూ పక్కపక్కన వేసుకుంది. విడి టిక్కెట్లయితే కాస్త తగ్గుతుంది. చాలాసేపు ఆలోచించి "ఐదు రోజుల పాసే తీస్కుంట బాపూ. నెల పాసు కంటే మస్తు తక్కువ. తిండికి, గదికి నువ్విచ్చిన దాంట్లనే సర్దుకుంట" అంది.

బావ క్యాలెండర్ కాగితం తీసుకుని అంకెల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి మళ్ళీ ఓసారి కూడాడు. సరిపోయింది. మడిచి, పంట లెక్కలు రాసుకునే పుస్తకంలో పెట్టుకున్నాడు.