రాయదుర్గం మెట్లు దిగిన తరువాత

మా అక్కగారి అమ్మాయి మాదాపూర్‌లోని ఒక కార్యాలయంలో పని చేస్తోంది. ఇంటికి చేరేసరికి రాత్రి పదిన్నర దాటుతుంది. "మాన్పించమంటారా?" అని బావగారు మమ్మల్ని సలహా అడిగారు. మేమెన్నడూ చూడని దారిని గురించి తీర్పు చెప్పడం సబబుగా తోచలేదు. ఒక గురువారం అసర్ నమాజు కాగానే, అక్కగారిని వెంటబెట్టుకొని పాతబస్తీ నుండి బయలుదేరాము.

ఎమ్‌జీబీఎస్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారాము. అక్కగారు స్త్రీలకు కేటాయించిన భాగంలో తస్బీహ్ తిప్పుకుంటూ నిశ్చింతగా కూర్చున్నారు. సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైతే, హైటెక్ సిటీకి మెట్రో వచ్చింది 2019 మార్చిలో. నడుమ ఇరవయ్యేళ్ళు మన ఆడపిల్లలు బస్సులను, షేర్ ఆటోలను, ఎవరివో కార్లను నమ్ముకొని తిరిగారు. 2013 అక్టోబరులో మాదాపూర్‌లో కారెక్కిన ఒక యువతిపై జరిగిన ఘాతుకం నగరాన్ని కుదిపివేసింది. మరుసటి ఏడు అక్టోబరులో షీ టీమ్స్ ఏర్పడ్డాయి.

రాయదుర్గంలో మెట్లు దిగగానే లోకం మారింది. కాలిబాటపై మోటారు సైకిళ్ళు నిలిపి ఉన్నాయి. షేర్ ఆటోలో ఇద్దరు మగవారి నడుమ ఒక్క చోటే మిగిలి ఉంటే, చేతిలో టిఫిన్ డబ్బాతో ఉన్న ఒక స్త్రీ వెనక్కి తగ్గింది. ఆమె ఒక అద్దాల మేడలో ఊడ్చే పని చేస్తుందట. "రాత్రిళ్ళు కంపెనీ కార్లు ఇంజనీరమ్మలకే సారూ, మాకు కాదు" అన్నది. 2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీ బస్సులో ఆమెకు టికెట్టు లేదు, సంతోషమే. కాని బస్సు ఆగే చోటి దాకా చీకట్లో నడవాలి కదా!

తిరుగు ప్రయాణంలో అమ్మాయికి ఒక హదీసు చెప్పాము. దారిదోపిడీల గురించి ఒకరు ఫిర్యాదు చేసినప్పుడు దైవప్రవక్త (స), హీరా నుండి ఒక స్త్రీ ఒంటెపై వచ్చి, అల్లాహ్‌కు తప్ప ఎవరికీ భయపడకుండా కాబా ప్రదక్షిణ చేసే రోజు వస్తుందని హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి)కు తెలిపారు. మరి తయ్ దొంగలు ఏమైపోతారని అదీ లోలోపల ఆశ్చర్యపోయారు. తయ్ ఆయన సొంత తెగే! (మహ్రమ్ తోడు గురించిన ఫిఖహ్ చర్చ వేరు, దానినిక్కడ ఎత్తడం లేదు.)

అమ్మాయి కొంతసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "అక్కడ నాకంత భయం లేదు మామూ. కెమెరాలున్నాయి, పోలీసులున్నారు. ఆటో ఎక్కితే టీ-సేఫ్ పెట్టుకుంటాను. భయమంతా మన గల్లీ మలుపులోనే" అన్నది.

ఆ మలుపులో ఒక చబూత్రా ఉంది. పదకొండు కావస్తుండగా మేము అక్కడికి చేరాము. ఐదారుగురు కుర్రవాళ్ళు కూర్చొని ఉన్నారు. మమ్మల్ని చూసి గబాలున లేచి సలాం చేశారు. వారిలో ఇద్దరు మా వద్ద చదువుకున్నవారే.

"మీరున్నారు గనుక లేచారు" అన్నది అమ్మాయి, గల్లీ దాటాక.

మరునాడు మగ్రిబ్ తరువాత ఆ కుర్రవాళ్ళను పిలిపించి, అదీ బిన్ హాతిమ్ (రజి) హదీసు తీశాము. తయ్ తెగ పేరు వచ్చేసరికి ఇద్దరు తలలు దించుకున్నారు. బావగారికి మా జవాబు ఇంకా చెప్పలేదు.